ఇత్తడి మైక్రోస్కోపా, ఎల్‌ఈడీదా?
విజయనగరంలో ల్యాబ్ నడిపే మా బావ దగ్గర రెండూ ఉన్నాయి. రోజూ మలేరియా స్లైడ్లు చూడాలంటే నా ఓటు కొత్తదానికే. పది రెట్ల ఐపీస్ (కన్ను ఆనించి చూసే లెన్సు), స్లైడ్ మీద నూనె చుక్క వేసి వాడే వంద రెట్ల ఆయిల్ లెన్సు కలిస్తే 1000 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. మంచి లెన్సులుంటే పాతదానిలోనూ అదే లెక్క. 1897లో సికింద్రాబాద్‌లో బ్రిటిష్ డాక్టర్ రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జాడ పట్టింది అద్దంతో వెలుగు తెచ్చుకునే మైక్రోస్కోపుతోనే. చెమటకి దాని మరలు తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క ఐపీస్ కూడా పగిలిందని ఆయనే రాసుకున్నాడు!

కాకపోతే పాతదానిలో ఒంటికన్నుతో వరసగా స్లైడ్లు చూస్తే కన్ను లాగేస్తుంది. మబ్బు పడితే అద్దంలో వెలుగే ఉండదు. రెండు కళ్లతో చూసే ఎల్‌ఈడీదానికి ఆ టెన్షన్ లేదు, కరెంటు ఉన్నంతసేపు.

పిల్లలకి నేర్పడానికి మాత్రం పాతదే నయం. మర తిప్పితే పళ్లచక్రం గొట్టాన్ని పైకెత్తడం కళ్లెదుటే కనిపిస్తుంది. కొత్తదానిలో అదంతా లోపలే.

పాతది కొంటే మాత్రం బుడితి చెంబులా చింతపండు పెట్టి తోమకండి. ఆ బంగారు ఛాయలో సగం పైన పూసిన లక్క వార్నిష్‌దే. అది పోతే ధర కూడా పడిపోతుంది. మెత్తటి పొడిగుడ్డ చాలు.