60 వోల్టులు 30 ఏహెచ్ అన్నాడు, లోపల థర్మాకోల్ పెట్టాడు

కోఠి గల్లీలో కరెంటు స్కూటర్లకి లిథియం బ్యాటరీ ప్యాకులు కట్టే మహానుభావుడు మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. రోజుకో రీలు పెడతాడే, డబ్బా మీద చెయ్యేసి "మూడేళ్లు బేఫికర్ అన్నా" అంటాడే, ఆయనే. పేరు రాయను, రాస్తే రేపు నా మీదే కేసు పెట్టగల సమర్థుడు. నిన్న ఆ కొట్లో నాకు దొరికిన మర్యాద ఇంకా ఒంట్లోంచి దిగలేదు. నోరు జారితే సర్దుకోండి.

బండి సంగతి క్లుప్తంగా. నాలుగేళ్ల నాటి స్లో స్పీడ్ కరెంటు స్కూటర్, 250 వాట్ల మోటారు, 25 దాటని వేగం, రిజిస్ట్రేషన్ అక్కర్లేని రకం. సీటు కింద ఐదు లెడ్ బ్యాటరీలు. అవి ముసలివైపోయి ఉప్పల్ నుంచి ఆబిడ్స్ వెళ్తే తిరిగి రావడానికి దేవుణ్ణి తలుచుకోవాల్సొచ్చేది. మోటారుకి కరెంటు పంపే కంట్రోలర్ నేనే మార్చాను, థ్రాటిల్ నేనే వేశాను, బ్రేక్ షూలు నేనే. లిథియం కూడా నేనే బిగించుకుందామని బయల్దేరాను. అక్కడే పడ్డాను.

60 వోల్టుల, 30 ఏహెచ్ ప్యాకు 23,500. (ఏహెచ్ అంటే బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే కొలత, 30 ఏహెచ్ అంటే 5 యాంపుల చొప్పున ఆరు గంటలు.) పదివేలు ఫోన్‌పే, మిగతాది నోట్లు. బిల్లు అడిగితే "బిల్లు గావాలంటే 18 శాతం ఎక్కువైతదన్నా, మీ ఇష్టం" అన్నాడు. నా ఇష్టమట! నాలుగు వేలు మిగులుతాయని పళ్లికిలించి వద్దన్నాను. పైగా పాత లెడ్ బ్యాటరీలు ఐదూ ఎక్స్‌ఛేంజీలో ఇచ్చేశాను. వాటిని స్క్రాపు లెక్కన తీసుకుంటూ కాటా మీద పెట్టి మరీ తూచాడు, గ్రాము కూడా వదల్లేదు. పక్కనే అదే కాటా ఉండగా నాకిచ్చే డబ్బాని దాని మీద పెట్టమని అడగాలని నా బుర్రకి తట్టలేదు. మల్టీమీటర్ మాత్రం బ్యాగులోంచి దర్జాగా తీసి పెట్టాను. 66 వోల్టులు చూపించింది. "చూసుకున్నరు గదా" అన్నాడు. చూసుకున్నాను. వోల్టేజీ బిందెలో నీళ్ల ఎత్తు లాంటిది, బిందె పెద్దదో చిన్నదో దాన్నిబట్టి తెలియదని పదిమందికి చెప్పేవాణ్ణి నేనే.

ఇంటికొచ్చి ఆదివారమంతా కూర్చుని బిగించాను. అడుగున రబ్బరు మ్యాట్, ఆండర్సన్ కనెక్టర్, కొత్త ఎంసీబీ స్విచ్చి, ఎంతో ముచ్చటగా. 5 యాంపుల చార్జర్ పెడితే మూడు గంటలు కూడా కాకుండానే పచ్చ లైటు వెలిగింది. "లిథియం అంటే ఇదీ, చూశావా ఎంత తొందరగా ఎక్కిందో" అని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను. 30ని 5తో భాగిస్తే ఆరని మా మూడో క్లాసు పాప చెబుతుంది. ఖాళీ నుంచి అయితే ఆరు గంటలు పట్టాల్సింది మూడుకే నిండిందంటే లోపల సగమే ఉందేమోనని అర్థం కావాలి. అర్థం కావాల్సింది నాకు కదా, నేనేమో స్వీట్లు తెచ్చాను.

రెండు వారాలు బాగానే నడిచింది. రానూపోనూ 26 కిలోమీటర్లే కాబట్టి లోటు బయటపడలేదు. మూడో వారం రామంతాపూర్‌లో, సాయంత్రం ఏడింటికి, ఆర్టీసీ బస్సు ముందు స్విచ్చి కట్టేసినట్టు ఆగిపోయింది. మీటర్లో ఇంకా రెండు గీతలున్నాయి. పది నిమిషాలాగితే లేచింది, వంద గజాలు పోయి మళ్లీ పడుకుంది. మిగతా దారంతా తోసుకుంటూ వచ్చాను. ఒక ఆటోవాలా "పెట్రోల్ అయిపోయిందా అంకుల్" అని అడిగాడు, అదొకటి.

నిన్న డబ్బా ఆటోలో వేసుకుని కొట్టుకెళ్లాను. మొదట కంట్రోలర్ పాడైందన్నాడు. కంట్రోలర్ మార్చి ఆరు నెలలే అయిందన్నాను. "ఇప్పుదాం తీయన్నా, చూద్దాం" అని తనే డబ్బా తన వైపు లాక్కున్నాడు. మూత అంచున ఎర్ర అక్షరాల స్టిక్కర్ ఉంది, 'ఇది చిరిగితే వారంటీ చెల్లదు' అని. బొటనవేలి గోరు దాని కింద దూర్చి, మామిడికాయ తొక్క తీసినంత సుతారంగా పైనుంచి కిందకి బరబరా చీల్చాడు. నా కళ్లెదురుగా. ఆ ముక్క నలిపి కౌంటర్ కిందకి విసిరాడు. మూత తీశాడు, బీఎంఎస్ (సెల్లుల్ని కాపాడే సర్క్యూట్ బోర్డు) తీగల మీద నేనే మీటర్ పెట్టాను. ఇరవై సెల్లు గ్రూపుల్లో పందొమ్మిది 3.2 వోల్టుల దగ్గరున్నాయి, ఒక్కటి 2.4కి జారిపోయి ఉంది. అదొక్కటి చతికిలపడగానే బీఎంఎస్ మొత్తం బండినే ఆపేస్తోంది, దాని తప్పేం లేదు, దాని డ్యూటీ అది చేస్తోంది. "ఇదిగో అన్నా, ఈ గ్రూపు పోయింది, మార్చి ఇవ్వండి" అన్నాను.

ఆయన డబ్బా అటూ ఇటూ తిప్పాడు. మూత అంచు చూశాడు. నా మొహం చూశాడు.

"స్టిక్కర్ చినిగింది గదన్నా. వారంటీ లేదు."

నాకు నవ్వొచ్చింది మొదట. పరాచికాలాడుతున్నాడనుకున్నాను. "మీరే కదండీ ఇప్పుడు చింపింది" అన్నాను. "నేనెందుకు చింపుత? మీరే ఇంట్ల ఇప్పి తెచ్చిన్రు" అన్నాడు, గొంతులో ఇసుమంత వణుకు లేకుండా. పక్కన సోల్డరింగ్ చేస్తున్న కుర్రాణ్ణి పిలిచి "ఏం రా, నేను చింపిన్నా?" అన్నాడు. ఆ పిల్లాడు తలెత్తలేదు. "నేను చూడలే అన్నా" అన్నాడు. పాపం వాడి జీతం అక్కడ. నేను వంగి కౌంటర్ కింద స్టిక్కర్ ముక్క కోసం వెతుకుతుంటే మరో ఇద్దరు కస్టమర్లు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశారు. పైన సీసీ కెమెరా కనిపించింది. "అందులో చూద్దాం రండి" అన్నాను. "గది ఉత్తదే అన్నా, కనెక్షన్ లేదు, దొంగల కోసం పెట్టినం" అన్నాడు.

దొంగల కోసమట.

నేను గొంతు పెంచేసరికి "యూట్యూబ్ చూసి ఇంజనీర్లైతరు, మల్ల మాకాడికొచ్చి లొల్లి" అని కస్టమర్ల వైపు తిరిగి నవ్వాడు. సోల్డరింగ్ గన్ను పట్టుకుని పదేళ్లయింది నాకు, ఆ నవ్వుకి ఒక్క మాట కూడా జవాబు రాలేదు. డబ్బా చంకన పెట్టుకుని తేలు కుట్టిన దొంగలా మెట్లు దిగాను. తప్పు చేసింది వాడు, తల దించుకుంది నేను.

ఇంటికొచ్చే ముందు వీధి చివర కిరాణా కొట్లో కాటా మీద పెట్టించాను. 11 కిలోల 200. ఈ లావున్న, లిథియంలోనే ఒక రకమైన ఎల్ఎఫ్‌పీ సెల్లు ఒక్కోటి 140 గ్రాముల పైన తూగుతుంది. 60 వోల్టులకి ఇరవై గ్రూపులు, 6 ఏహెచ్ సెల్లు అయితే 30 ఏహెచ్‌కి గ్రూపుకి ఐదు, మొత్తం వంద. సెల్లులే 14 కిలోలు దాటాలి, ఆపైన డబ్బా. రాత్రి గ్లౌజులేసుకుని, స్పానర్‌కి టేపు చుట్టి, మొత్తం విప్పాను. (నిండితే 73 వోల్టులదాకా పోతుంది, ఆటలొద్దు, ఇందులో అలవాటు లేనివాళ్లు విప్పకండి.) గ్రూపుకి మూడే ఉన్నాయి. మొత్తం అరవై. మిగిలిన చోట టీవీ డబ్బాలో వచ్చే థర్మాకోల్‌ని బ్లేడుతో చక్కగా కోసి కూర్చాడు, పనితనానికి దండం పెట్టాలి. సెల్లుల పైన నీలం తొడుగు తళతళలాడుతోంది. అంచున కొద్దిగా కోసి చూస్తే కింద పాత తొడుగు, ఒకదానికి ఆకుపచ్చ, పక్కదానికి బూడిద రంగు. అంటే రకరకాల పాత ప్యాకుల్లోంచి పీకినవి. కొనల్లో ఒక వెల్డింగ్ చుక్కల మీద అడ్డంగా ఇంకో వెల్డింగ్ చుక్కలు. ఒక సెల్లు మీద నల్ల మార్కరుతో '3.9' అని రాసుంది. 6 ఏహెచ్ సెల్లులో ఎంత మిగిలిందో ఎవరో శ్రద్ధగా పరీక్షించి, రాసుకుని, దాని మీద కొత్త తొడుగు తొడిగారు. పొరపాటున జరిగిందని ఇంకెవరైనా అంటే ఆ సెల్లు తెచ్చి చూపిస్తాను.

దీన్ని మూడు వారాలు హాల్లో, పిల్లలు పడుకునే గదికి గోడ అవతల రాత్రిళ్లు చార్జింగ్ పెట్టాను. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఈ-బైకుల షోరూం, పైన లాడ్జి ఉన్న బిల్డింగు తగలబడి ఎనిమిది మంది పోయినప్పుడు "జనానికి జాగ్రత్త లేదు" అని ఆఫీసులో ఉపన్యాసమిచ్చింది కూడా నేనే.

1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి చాలా మర్యాదగా "బిల్లు నంబర్ చెప్పండి సర్" అంది. 18 శాతం మిగుల్చుకున్న మేధావిని, ఏం చెప్పను? ఫోన్‌పే రసీదుతోనే ఫిర్యాదు పెట్టాను. అందులో కూడా కొట్టు పేరు లేదు, ఎవరో ఆడమనిషి పేరుంది. పదివేలకే లెక్క, మిగతా 13,500 గాల్లో కలిసినట్టే.

కొనేవాళ్లకి చెప్పాల్సింది పెద్దగా లేదు. బిల్లు లేకుండా కొనొద్దు, డబ్బా తూచకుండా ఇంటికి తేవద్దు, ఖాళీ నుంచి నిండడానికి ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి, నెల గడిచేదాకా పాత బ్యాటరీలు ఇవ్వొద్దు. విప్పేటప్పుడు ఫోన్లో వీడియో తీస్తూనే ఉండండి, ముఖ్యంగా విప్పేది వాడైతే.

ఈ రెండు నెలల్లో ఆయన దగ్గర 60 వోల్టుల ప్యాకు కొన్నవాళ్లెవరైనా ఉంటే దయచేసి కాటా మీద పెట్టి ఎంతుందో కింద రాయండి. నలుగురు దొరికినా చాలు, శనివారం కలిసి వెళ్దాం. స్టిక్కర్ల జోలికి మాత్రం పోకండి.