హత్తుషా: ఒక్క పూటలో తేలే చోటు కాదు

టర్కీలో, అంకారాకు తూర్పున సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, బోగజ్‌కలే ఊరి పక్కనే ప్రాచీన హిత్తీయుల రాజధాని హత్తుషా ఉంది. యునెస్కో 1986లో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. చుట్టూ తిరిగే దారి 6 కిలోమీటర్ల పైచిలుకు, అదీ ఎక్కుడు దారి. నడిచేవాళ్లు సగంలోనే చతికిలబడతారు, ఎక్కడా నీడ లేదు. కారులో పైకి వెళ్లి ఒక్కో ద్వారం దగ్గర దిగడమే మేలు.

సింహద్వారం చూడాల్సిందే. యెర్‌కపి దగ్గర మట్టికట్ట కింద 70 మీటర్ల సొరంగం అసలు ఆకర్షణ: రాళ్లను ముందుకు జరుపుతూ పేర్చి పైన కలిపారు, నిజమైన కమాను కాదు. రాజద్వారం మీది యోధుడు మాత్రం నకలు, అసలుది అంకారా మ్యూజియంలో ఉంది. యెర్‌కపి మీది స్ఫింక్స్‌ల (మనిషి తల, సింహం ఒళ్లు) అసలు విగ్రహాలు ఊళ్లోని మ్యూజియంలో ఉన్నాయి, అది వదిలేస్తే సగం చూడనట్టే.

పక్కనే ఉన్న రాతి గుడి యాజిలికాయలో బండ మీద చెక్కిన పన్నెండుగురు దేవతల వరుస ఎండ సరిగ్గా పడితేనే తేటగా కనిపిస్తుంది. మబ్బు రోజున వట్టి బండే.

బైబిలు చదివి వచ్చేవాళ్లకో మాట. అబ్రాహాము 400 తులాల వెండికి మక్పేలా గుహ కొన్నది హిత్తీయుడైన ఎఫ్రోను దగ్గర, ఇక్కడికి ఎంతో దూరంలోని హెబ్రోనులో. హిత్తీయుడైన ఊరియా దావీదు సేనలోవాడు. ఈ రాజ్యం దావీదు కాలానికి ముందే, క్రీ.పూ. 1180 ప్రాంతంలోనే కూలింది. కనుక ఎఫ్రోను, ఊరియాల జాడ ఇక్కడ వెతక్కండి. ఈజిప్టు రాజు రామ్సెస్‌తో హిత్తీయులకు కుదిరిన సంధి పలక కావాలంటే ఇస్తాంబుల్ పురావస్తు మ్యూజియానికి వెళ్లాలి.