నాన్నతో లాలిక్ ఊరికి

మా నాన్న ముప్పై ఎనిమిదేళ్ళు చిలకలపూడిలో గిల్టు నగలకి డైలు, అంటే లోహపు అచ్చులు, కోశాడు. చేతికి ఏ నగ ఇచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తాడు. "ముందువైపు ఎవడైనా మెరిపిస్తాడే, వెనక చూడాలి" అంటాడు. ఆయన జర్మనీలో కార్ల్స్‌రూహెలోని మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు ఐఫిల్ టవర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒక పనివాడి ఊరు చూపిస్తానని చెప్పాను. ఫ్రాన్స్‌లో నగలూ గాజూ చేసిన రెనే లాలిక్ ఊరు. బంగారం పక్కన ఆవుకొమ్మునీ గాజునీ కూర్చోబెట్టి, వాటిని కూడా గొప్పింటి ఆడవాళ్ళ మెడల్లో వేయించిన మనిషి ఆయన.

తొమ్మిది రోజుల ప్రయాణం. ఫ్రాన్స్ తూర్పు అంచున ఉన్న ఆల్సాస్‌లో నాలుగు రోజులు, పారిస్‌లో మూడు, లిస్బన్‌లో రెండు. ఇంకోసారి వెళ్తే ఆల్సాస్, లిస్బన్‌లను అలాగే ఉంచి పారిస్ రోజులు తగ్గిస్తాను.

లాలిక్ ఫ్యాక్టరీ ఉన్న ఊరి పేరు వింగెన్-సూర్-మోడెర్. స్ట్రాస్‌బూర్ నుంచి వాయవ్యంగా, ఉత్తర వోజ్ కొండల అడవుల మధ్య చిన్న ఊరు. స్ట్రాస్‌బూర్ స్టేషన్ నుంచి ప్రాంతీయ రైలు నేరుగా వెళ్తుంది. ముప్పావు గంటకి కాస్త అటూ ఇటూ. ఆదివారాలు రైళ్ళు బాగా తగ్గిపోతాయి, తిరుగు రైలు టైము ముందే చూసి పెట్టుకోండి. వింగెన్ స్టేషన్‌లో దిగితే ఆటో లేదు, టాక్సీ లేదు, అడగడానికి మనిషి కూడా లేడు.

ఇక్కడే మేం దెబ్బతిన్నాం. ఊరికి దగ్గర్లో రెండు రాత్రులకి ఒక గది తీసుకున్నాను. స్టేషన్‌కి కారు పంపిస్తామని రాశారు, పంపలేదు. ఫోన్ ఎత్తలేదు. డెబ్బై దాటిన మనిషితో, రెండు పెట్టెలతో వానలో నడిచాం. గదిలో వంటకి అంతా ఉందన్నారు. ఒకే ఒక్క హాట్‌ప్లేట్ ఉంది, అదీ వేడెక్కలేదు. నాన్న శాకాహారి. మర్నాడు ఆదివారం, ఊళ్ళో కొట్లన్నీ మూత. నేను కట్టుకొచ్చిన పులిహోరే రెండు పూటలు తిన్నాం. నాన్న పల్లెత్తు మాట అనలేదు, నాకు మాత్రం ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మూడో రోజుకి స్ట్రాస్‌బూర్‌కి మారిపోయి, స్టేషన్‌కి నడిచే దూరంలో ఒక మామూలు హోటల్ తీసుకున్నాం. శుభ్రమైన గది, కింద బేకరీ, పది నిమిషాల దూరంలో ఇండియన్ సరుకుల కొట్టు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు మొదటి రోజు నుంచే స్ట్రాస్‌బూర్‌లో ఉండి, పొద్దున్నే రైల్లో వెళ్ళి సాయంత్రానికి వచ్చేయండి.

డబ్బుకి వెనకాడనివాళ్ళకి ఊళ్ళోనే రెండు చోట్లున్నాయి. లాలిక్ తన కుటుంబం కోసం 1920లో కట్టించుకున్న ఇల్లు 2015 నుంచి హోటల్‌గా నడుస్తోంది. ఆరే సూట్లు, పక్కనే మిషెలిన్ నక్షత్రాల రెస్టారెంట్. దాన్ని రోడ్డు మీద నుంచే చూశాం, కిటికీ తలుపులకి నీలం రంగు, చుట్టూ చెట్లు. రెండోది మ్యూజియం ఎదురుగా ఉన్న షాతో హోక్‌బెర్గ్, అందులో టీ తాగాం. నాన్నకి పాలు విడిగా వేడిచేసి తెచ్చిచ్చారు. అడక్కుండానే ఇంకో కుర్చీ తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర వేశారు. ఆ మర్యాద మర్చిపోలేను.

ఇక మ్యూజియం. 2011లో తెరిచారు. 18వ శతాబ్దంలో అక్కడ హోక్‌బెర్గ్ అనే గాజు కార్ఖానా ఉండేది, ఆ పాత కట్టడాలకే కొత్తవి కలిపి కట్టారు. స్టేషన్ నుంచి నాన్నతో అరగంట నడక, చివర్లో కాస్త ఎక్కుడు. లోపల ఆరు వందలకి పైగా వస్తువులున్నాయి. వివరాలు ఫ్రెంచ్, జర్మన్, ఇంగ్లీషుల్లో ఉన్నాయి. కూర్చోడానికి బల్లలున్నాయి, లిఫ్టు ఉంది. రెండు గంటలు చాలని చాలామంది అంటారు. మాకు అయిదు గంటలు పట్టింది.

మొదటి గదుల్లో నగలు. లాలిక్ 1860లో షాంపేన్ ప్రాంతంలోని ఆయ్ అనే ఊళ్ళో పుట్టాడు. రెండేళ్ళకే కుటుంబం పారిస్ చేరినా సెలవులకి మళ్ళీ ఆ పల్లెకే వెళ్ళేవాడు. పురుగులు, పూలు, కందిరీగలు అక్కడే కంట్లో పడ్డాయి. 1876లో తండ్రి పోవడంతో, పదహారేళ్ళ వయసులో లూయీ ఓకోక్ అనే నగల వ్యాపారి దగ్గర పనికి చేరాడు. తర్వాత రెండేళ్ళు లండన్‌లో చదివి, తిరిగొచ్చి కార్తియే, బూష్‌రోన్ లాంటి పెద్ద కొట్లకి డిజైన్లు గీసిచ్చాడు. 1885లో సొంత వర్క్‌షాప్. నాన్న ఇదంతా నా నోటి నుంచి విని, "పదహారుకే తండ్రి పోయాడా" అన్నాడంతే. ఆయన పనిలో చేరింది పద్నాలుగో ఏట.

అప్పటి పారిస్‌లో నగంటే వజ్రాలు. ఎన్ని రాళ్ళు, ఎంత బరువు, అంతే లెక్క. మన దగ్గర తులాలు, తరుగు, మజూరీ చూసినట్టే. లాలిక్ ఆ లెక్కని తిరగేశాడు. కొమ్ము తీసుకున్నాడు, మీనా తీసుకున్నాడు, ఖరీదు తక్కువ రాళ్ళు తీసుకున్నాడు. నగ విలువంతా మజూరీలోకి వచ్చేసింది. నాన్న మొదట్లో ప్రతి అద్దాల పెట్టె ముందూ "ఇందులో బంగారం ఎంతుంటుంది?" అని అడిగాడు. నాలుగో పెట్టె దగ్గర అడగడం మానేశాడు.

అక్కడే ఒక నగ ముందు ఆయన చాలాసేపు నిలబడిపోయాడు. ఆకుపచ్చ, నీలం కలిసిన మీనా, వెలుతురు దాని గుండా ఇవతలికి పడుతోంది. మనకి తెలిసిన మీనాకి కింద లోహపు నేల ఉంటుంది, రంగు దాని మీద కూర్చుంటుంది. దీనికి నేల లేదు. సన్నటి బంగారు గోడల మధ్య రంగుగాజు ఒక్కటే నిలబడి ఉంది, చర్చి కిటికీలా. నాన్న అలవాటు కొద్దీ పక్కకి వంగి వెనక వెతికాడు. "దీనికి వెనకే లేదే తల్లీ!" అన్నాడు. కాసేపాగి తనే చెప్పాడు: "కింద పల్చటి రాగిరేకు పెట్టి కాల్చుంటాడు. చల్లారాక యాసిడ్‌లో ఆ రేకుని తినిపించేసుంటాడు." రాత్రి హోటల్‌లో చదివితే ఆ పనికి ఉన్న పద్ధతుల్లో అది నిజంగానే ఒకటి.

1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనతో లాలిక్ పేరు యూరప్ అంతా మారుమోగింది. నాటకరంగపు మహారాణి సారా బెర్నార్ట్ ఆయన నగలు పెట్టుకునేది. అలాంటి స్థితిలో ఉన్న మనిషి నెమ్మదిగా నగలు వదిలి గాజు వైపు నడిచాడు. కారణాలు చాలా చెప్తారు. అందరూ ఆయన్ని కాపీ కొట్టడం మొదలెట్టారు, ఆ ఫ్యాషనూ పాతబడింది. నాకు మాత్రం అత్తరు సీసాల గది దగ్గర అసలు సంగతి అర్థమైంది. 1905లో పారిస్‌లోని ప్లాస్ వాందోమ్ అనే కూడలిలో కొట్టు తెరిచాక, పొరుగున ఉన్న అత్తర్ల వ్యాపారి ఫ్రాన్స్వా కోటీ ఈయన్ని సీసాలు చేసిపెట్టమన్నాడు. అప్పటిదాకా అత్తరు ఎక్కువగా సాదా సీసాల్లో అమ్మే సరుకు. అచ్చులో పోసిన అందమైన సీసాలోనే అత్తరు అమ్మితే మామూలు ఇల్లాలు కూడా కొనుక్కోగలదు. వర్త్ అనే ఫ్యాషన్ కంపెనీకి చేసిన నీలం సీసా ఒకటుంది, గుండ్రంగా, ఒళ్ళంతా చుక్కలు పొదిగిన రాత్రి ఆకాశంలా. అలాంటి సీసాలు వరసలు వరసలుగా ఉన్నాయి.

ఒకే ఒక్క మనిషికి ఒకే ఒక్క నగ చేసిన చెయ్యి, ఒక అచ్చు నుంచి వేల వస్తువులు తీసే పనికి వచ్చింది. అది దిగజారడం అని కొందరు రాశారు. నేను ఒప్పుకోను. బందరులో బంగారం కొనలేని ఆడపిల్లల పెళ్ళిళ్ళకి నాన్న కోసిన డైల నుంచే కాసులపేర్లు, వంకీలు వెళ్ళాయి. ఆ అచ్చులో గీత సన్నగా పడాలని ఆయన కళ్ళు పాడుచేసుకున్నాడు.

అప్పటిదాకా జర్మనీ చేతిలో ఉన్న ఆల్సాస్ మొదటి ప్రపంచయుద్ధం తర్వాత మళ్ళీ ఫ్రాన్స్‌కి వచ్చింది. తరతరాల గాజు పనివాళ్ళున్న ప్రాంతం కావడంతో లాలిక్ 1921లో వింగెన్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు. ఈరోజుకీ లాలిక్ గాజు తయారయ్యేది ప్రపంచంలో ఈ ఒక్క చోటే. ఫ్యాక్టరీలోకి సందర్శకుల్ని రానివ్వరు. మ్యూజియంలో పెద్ద తెర మీద సినిమా చూపిస్తారు, కొలిమి ముందు మనుషులు ఎర్రటి గాజుముద్దని తీసి అచ్చులోకి వదలడం, చల్లారాక రుద్దడం, అరగదీయడం. నాన్న దాన్ని మూడుసార్లు చూశాడు.

చిలకల కూజా ఒకటుంది, 1924 నాటిది. పేరు సిలోన్. భుజాల చుట్టూ జంటలు జంటలుగా చిలకలు, తోకలు కిందికి జారుతూ. ముందు నుంచి చూస్తే నీళ్ళు కలిపిన పాలలా నీలంగా ఉంది. నేను చుట్టూ తిరిగి, దీపం దానికి వెనక పడేలా నిలబడేసరికి తేనెరంగుకి మారింది. వేరే రంగేమీ కలపలేదు, గాజులో కలిపిన పాళ్ళని బట్టి చల్లారేటప్పుడు లోపల సన్నటి రేణువులు ఏర్పడి వెలుతురుని అలా విడగొడతాయి. నాన్న చూసింది ఇంకొకటి. అచ్చు రెండు ముక్కలు కలిసే చోట గీత పడుతుంది కదా, ఆ గీత ఎక్కడని వెతికాడు. ఒక ఈక అంచు వెంట వేలు గాల్లో నడిపి, "ఇదిగో, ఇక్కడ దాచాడు" అన్నాడు. కాపలా ఉన్న ఆవిడ దగ్గరికొచ్చి, కోప్పడకుండా తనూ వంగి చూసింది.

కొన్ని కూజాలు మైనం కరిగించే పద్ధతిలో చేసినవి. మన పంచలోహ విగ్రహాల పద్ధతే, అచ్చు పగలగొట్టాల్సిందే కాబట్టి రెండోది రాదు. పాత వస్తువు కొనాలనుకునేవాళ్ళకి ఒక మాట: రెనే బతికున్నప్పటి వాటి మీద "ఆర్. లాలిక్" అని ఉంటుంది. 1945లో ఆయన పోయాక ముందున్న ఆ అక్షరం తీసేశారు. యుద్ధంలో ఫ్యాక్టరీ జర్మన్ల చేతిలోకి పోయింది, అది మళ్ళీ వెలగడం చూడకుండానే ఆయన పోయాడు. కొడుకు మార్క్ దాన్ని లేపి, మామూలు గాజు మానేసి క్రిస్టల్, అంటే సీసం కలిపిన మెరుపు గాజు, పట్టుకున్నాడు. మార్క్ 1951 నాటి షాండిలియర్ అక్కడుంది, మూడు మీటర్ల ఎత్తు. గొప్పదే. నా మనసు మాత్రం చిలకల దగ్గరే ఉండిపోయింది.

టికెట్ కౌంటర్‌లో అమ్మాయి నాన్న నడక చూసి, తనే ఫోన్ చేసి టాక్సీ పిలిపించింది. ఆ టాక్సీలోనే మైసెంథాల్ వెళ్ళాం, పది కిలోమీటర్ల లోపు. బస్సు మీద ఆశ పెట్టుకోకండి. అక్కడ గాజు ఊదడం కళ్ళముందే చూడొచ్చు. లాలిక్ కంటే ముందు తరం గాజు మహానుభావుడు ఎమీల్ గాలే ఏళ్ళ తరబడి పనిచేయించిన ఊరది. ఫ్యాక్టరీలోకి రానివ్వలేదన్న దిగులు నాన్నకి అక్కడ తీరింది. సెయింట్ లూయీ క్రిస్టల్ మ్యూజియం కూడా దగ్గరే, మాకు టైము చాల్లేదు.

పారిస్ గురించి క్లుప్తంగా. రివోలీ వీధిలోని అలంకరణ కళల మ్యూజియంలో నగల గది తప్పకుండా చూడండి, సోమవారం సెలవు. ప్లాస్ వాందోమ్‌లో నడవడమే తప్ప చూసేది లేదు. ఆల్మా-మార్సో మెట్రో దిగి సెన్ నది వెంట నడిస్తే 40, కూర్ అల్బేర్ ప్రెమియే దగ్గర లాలిక్ 1902లో కట్టించుకున్న ఇల్లు కనిపిస్తుంది. గోడ రాతి మీద పైన్ కొమ్మలు పాకుతుంటాయి, తలుపు గాజులోకి కూడా అవే కొమ్మలు దిగుతాయి. డబ్బు ఖర్చు లేదు. పారిస్‌లో మేం తీసుకున్న హోటల్ గది ఇరుకు, ధర ఆల్సాస్‌కి రెట్టింపు.

లిస్బన్‌కి విమానంలో వెళ్ళాం. అర్మేనియన్ చమురు వ్యాపారి కలూస్త్ గుల్బెంకియన్ లాలిక్‌కి స్నేహితుడు, పాతికేళ్ళకి పైగా ఆయన దగ్గర కొంటూ వచ్చాడు. లిస్బన్‌లో గుల్బెంకియన్ పేరున ఉన్న మ్యూజియంలో చివరి గది మొత్తం లాలిక్‌దే. మంగళవారం మూసేస్తారు, మరమ్మతులకి ఎక్కువకాలం మూసిన సందర్భాలూ ఉన్నాయి కాబట్టి టికెట్లు కొనేముందు చూసుకోండి. తోట మధ్యలో ఉంది, తోటలోకి టికెట్ లేదు. మెట్రో స్టేషన్ దగ్గర, హోటళ్ళు పారిస్ కంటే చవక. క్యాంటీన్‌లో సూపు, సలాడ్, అన్నం దొరికాయి, నాన్న తొమ్మిది రోజుల్లో కడుపునిండా బయట తిన్నది ఒక్క అక్కడే.

తూనీగ స్త్రీ ఆ గదిలోనే ఉంది. 1897-98లో చేసిన నగ. రవికె ముందు పెట్టుకోడానికట, వెడల్పు జానెడు పైన. తూనీగ నోట్లోంచి ఆకుపచ్చ రాతి ఆడమనిషి నడుము దాకా బయటికి వస్తోంది, లేదా లోపలికి పోతోంది, ఎటో తేలదు. కిందివైపు బంగారు గోళ్ళు. రెక్కల్లో అదే నేల లేని మీనా, చంద్రకాంత శిలలు, సన్నటి వజ్రాలు. రెక్కలకి మడతబందులున్నాయి, మనిషి కదిలితే అవీ కదలాలని. సారా బెర్నార్ట్ వేసుకుందట.

నాన్న కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. గోళ్ళ దగ్గర నుంచి మొదలెట్టి పైకి చూశాడు. మడతబందుల దగ్గర ఆగి, "ఈ కీలుకి ఎన్ని రోజులు పట్టుంటుందో" అన్నాడు. బల్ల మీద కూర్చుని నా నోట్‌బుక్ అడిగి తీసుకుని, ఆ కీలు బొమ్మ గీయడం మొదలెట్టాడు. మూసే వేళైందని చెప్పేదాకా గీస్తూనే ఉన్నాడు.