తెలుగులో వచ్చిన ఆరోగ్య బీమా సమాచార పత్రం: ఉపయోగపడింది, ఒక లెక్క వేసి చూపిస్తే ఇంకా బాగుండేది

రెండేళ్ల క్రితం మా నాన్నగారికి హెర్నియా ఆపరేషన్ అయింది. బిల్లు 1,05,000 రూపాయలు, పాలసీ 3 లక్షలకు. అంతా కంపెనీయే కడుతుందని ధీమాగా ఉన్నాం. డిస్చార్జి రోజు కౌంటరులో మమ్మల్ని 32,000 కట్టమన్నారు. కారణంగా కాగితం మీద ఉన్నవి రెండే మాటలు: ప్రపోర్షనేట్ డిడక్షన్, అంటే దామాషా కోత. ఖమ్మంలో ఇరవై ఏళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, దామాషా అంటే తెలియక కాదు. అది మా బిల్లులోకి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియలేదు. చెల్లెలి చేత డబ్బు వేయించుకుని నాన్నగారిని ఇంటికి తెచ్చుకున్నాం.

అందుకే ఈసారి రెన్యువల్‌కు ముందే పాలసీలోని ముఖ్యాంశాలను క్లుప్తంగా చెప్పే సమాచార పత్రాన్ని తెలుగులో పంపమని కంపెనీని అడిగాను. 2024 జనవరి 1 నుంచి ఆరోగ్య పాలసీలకు ఈ పత్రాన్ని కొత్త నమూనాలో, తేలిక మాటల్లో ఇవ్వాలని, పాలసీదారు కోరితే స్థానిక భాషలో ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. ఈ సంగతి మా ఏజెంటుకే తెలియదు. మెయిల్ పెట్టిన తొమ్మిదో రోజున పత్రం వచ్చింది. కంపెనీ పేరు రాయడం లేదు. నమూనా అందరికీ ఒకటే కాబట్టి నేను చెప్పేది చాలావరకు మీ పత్రానికీ వర్తిస్తుంది.

మెచ్చుకోవలసినది ముందు చెబుతాను. వెయిటింగ్ పీరియడ్ (క్లెయిము చేయడానికి ఆగాల్సిన కాలం) గురించి ఇంత స్పష్టంగా నాకు ఎవరూ చెప్పలేదు. పాలసీ తీసుకునే నాటికే ఉన్న బీపీ, షుగరు వంటి వాటికి 36 నెలలు, హెర్నియా, కంటిశుక్లం వంటి వాటికి 24 నెలలు ఆగాలని విడివిడిగా రాశారు. ప్రతి అంశం పక్కన పాలసీలో అది ఏ క్లాజులో ఉందో నంబరు వేశారు. ఫిర్యాదు ముందుగా కంపెనీకి ఇవ్వాలని, అక్కడ న్యాయం జరగకపోతే బీమా ఫిర్యాదులను విచారించే అధికారి అయిన అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చని కూడా ఉంది.

మారటోరియం దగ్గర మాత్రం భయం వేసింది. ఆ మాటను అలాగే ఉంచి, ‘60 నెలల మారటోరియం కాలం’ అని రాశారు. నాన్నగారు చదివి, ‘అయితే కొన్నాళ్లు ప్రీమియం కట్టకపోయినా ఫరవాలేదన్న మాట’ అన్నారు. కరోనా రోజుల్లో బ్యాంకు వాయిదాలకు ఇచ్చిన మారటోరియం ఆయన మనసులో ఉంది. ఇక్కడ అర్థం పూర్తిగా వేరు. పాలసీ 60 నెలలు ఆగకుండా నడిచాక, మీరు ఫలానా విషయం చెప్పలేదంటూ కంపెనీ క్లెయిమును తోసిపుచ్చకూడదు. మోసమని రుజువైతే తప్ప. ప్రీమియం ఆపితే ఈ రక్షణే పోతుంది. తెలుగులోకి మార్చినవారు ఒక్క వాక్యం కలిపి ఉంటే సరిపోయేది.

ఇక రూము అద్దె. ‘రోజుకు బీమా మొత్తంలో 1 శాతం’ అని రాసి, మించితే ‘అనుబంధ వైద్య ఖర్చులు దామాషా ప్రకారం తగ్గుతాయి’ అన్నారు. తప్పు లేదు, కానీ ఆస్పత్రిలో చేరే మనిషికి అది చాలదు. మా బిల్లునే చూడండి. 3 లక్షల్లో 1 శాతం అంటే రోజుకు 3,000. నాన్నగారికి నిద్ర పడుతుందని 5,000 రూములో నాలుగు రోజులు ఉంచాం. రూముకు అయిన 20,000లో కంపెనీ ఇచ్చింది 12,000. అక్కడితో ఆగలేదు. సర్జను, మత్తు డాక్టరు, థియేటరు, నర్సింగ్ కలిపి 60,000 అయితే, అందులోనూ 5,000కు 3,000 చొప్పున ఐదింట మూడు వంతులే లెక్కగట్టి 36,000 ఇచ్చారు. మందులు, పరీక్షలకైన 25,000కు మాత్రం కోత పడలేదు. రూము తేడా 8,000 మాత్రమే, మేము కట్టింది 32,000. ఈ నాలుగు అంకెలు పత్రంలో వేస్తే ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా ఇంట్లో వాళ్లకు చదివి చెప్పగలడు.

ఇంకొక అభ్యంతరం ఉంది. పత్రానికీ పాలసీకీ తేడా వస్తే పాలసీలో ఉన్నదే చెల్లుతుందని రాశారు. ఆ పాలసీ మా చేతికి వచ్చింది ఇంగ్లీషులోనే. తెలుగులో చదువుకుని సంతకం పెట్టే మనిషికి ఆ తెలుగు మీదే భరోసా ఇవ్వాలి.

అయిదుకు మూడున్నర మార్కులు వేస్తాను. ఈ పత్రం చూశాకే రూము అద్దెకు పరిమితి లేని పాలసీకి మారాం. ప్రీమియం పెరిగింది. అయితే 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేకపోవడంతో కొంత సర్దుకుంది. కొత్త పాలసీ సమాచార పత్రం కూడా తెలుగులోనే తెప్పించుకున్నాను. సంతకం పెట్టే ముందు నాన్నగారు రూము అద్దె గడి మీద వేలు పెట్టి, ఆ వాక్యాన్ని నా చేత రెండుసార్లు చదివించుకున్నారు.