పాత బుల్లెట్‌కు తూటు పడకుండా నంబర్ ప్లేటు: టేపా, క్లాంపా, బ్రాకెట్టా?

మా నాన్నగారి 1972 బుల్లెట్ 350 ముందు మడ్‌గార్డ్ మీద రెండు తూట్లున్నాయి. పన్నెండేళ్ల కిందట పెయింటింగ్‌కు ఇచ్చినచోట నన్నడగకుండా డ్రిల్ పెట్టి ప్లేటు బిగించారు. మేముండేది చెన్నై రాయపురంలో, సముద్రానికి దగ్గర. రెండో ఏడు అక్టోబరు వానలు వెళ్లేసరికి తూటు అంచున పెయింటు పొక్కింది. మరుసటేడు గోటితో గీకితే రేకు పొడిగా రాలింది. తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో తయారైన ఆ మడ్‌గార్డ్‌కు సరిజోడు, పాత విడిభాగాలమ్మే పుదుపేట అంతా తిరిగినా నాకు దొరకలేదు. అందుకే ఈసారి ఒక్క తూటు కూడా పడకూడదని పట్టుబట్టి, మూడు పద్ధతులూ చేసి చూశాను.

మొదట టేపు. కారు విడిభాగాలు అతికించే వీహెచ్‌బీ లాంటి రెండువైపులా అంటుకునే అక్రిలిక్ ఫోమ్ టేపు తెచ్చాను. అది నాసిరకం కాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాలిష్, మైనం పోయేలా తుడిచి, గట్టిగా నొక్కి, 72 గంటలు కదపకుండా ఉంచితే పూర్తి పట్టు వస్తుంది. చిక్కంతా మడ్‌గార్డ్ వంపుతోనే. తిన్నని ప్లేటు వంపు మీద ఒక గీత మేరకే ఆనుతుంది, చివర్లు గాల్లో ఉంటాయి. బుల్లెట్ వణుకుకు ఆ చివర్లు కొట్టుకుని టేపును కొంచెం కొంచెంగా లాగేస్తాయి. పైగా టేపు పట్టేది పెయింటునే. పాత పెయింటు రేకును గట్టిగా పట్టుకుని లేకపోతే, ఊడేటప్పుడు రెండూ కలిసి ఊడతాయి. మడ్‌గార్డ్ వంపుకు సరిగ్గా వంచిన పల్చని ప్లేటైతే టేపు చాలు. మామూలు ప్లేటుకు నేను నమ్మను.

అయస్కాంతం గురించి చాలామంది అడుగుతారు. దాని కింద ఇసుక చేరి పెయింటును గీరేస్తుంది, ప్లేటును ఎవరైనా పీక్కుపోవచ్చు. వద్దు.

క్లాంపు ముందువైపుకు బాగా కుదిరింది. బుల్లెట్ ముందు మడ్‌గార్డ్‌ను పట్టుకునే గొట్టపు కడ్డీలుంటాయి కదా, వాటి మందం కొలిచి, లోపల రబ్బరున్న పీ-క్లిప్పులు (కడ్డీ చుట్టూ పట్టే, ఇంగ్లీషు P ఆకారపు రేకు క్లాంపులు) విడిభాగాల దుకాణాలుండే జీపీ రోడ్‌లో కొన్నాను. కాస్త వదులైతే సైకిల్ ట్యూబు ముక్క చుడితే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: రబ్బరు కింద నీళ్లు నిలిచి, పైకి కనబడకుండా క్రోమ్ తుప్పు పడుతుంది. వానాకాలం అయ్యాక ఒకసారి విప్పి, తుడిచి, పల్చగా గ్రీజు రాసి మళ్లీ బిగించాలి. నేను దీపావళి అయిన వెంటనే చూస్తాను, వానలు ఆగాక ఇంకోసారి చూస్తాను.

వెనక్కి మాత్రం బ్రాకెట్టే మేలు, ఇందులో నాకు రెండో మాట లేదు. టెయిల్ లైటును పట్టుకునే బోల్టులు అక్కడ ముందే ఉన్నాయి. ఫ్యాబ్రికేషన్ షాపులో ఇనప పట్టీ కోయించి, వంచి, తూట్లన్నీ ఆ పట్టీకే వేయించి, పెయింటు కొట్టించాను. పాడైతే పట్టీ పాడవుతుంది, మడ్‌గార్డ్ కాదు. హై సెక్యూరిటీ ప్లేటు వేయించుకునేవారికైతే ఇదే దారి. వెనక ప్లేటు 200×100 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు, దానికి వేసే స్నాప్ లాక్‌ను విరగ్గొడితే తప్ప తీయలేం. ఆ లాక్ దూరడానికి ఏదో ఒక తూటు కావాలి, టేపుతో ఆ పని జరగదు.

పట్టీ మందం కలిసినంత పొడుగు బోల్టు కావాలి. పాత బుల్లెట్ బోల్టులన్నీ మెట్రిక్ థ్రెడ్డు కావు కాబట్టి పాత బోల్టును చేత్తో పట్టుకెళ్లి సరిచూసి కొనండి. బలవంతంగా ఎక్కిస్తే థ్రెడ్డు పోతుంది. అల్యూమినియం ప్లేటుకూ ఇనుముకూ మధ్య రబ్బరు వాషర్లు వేయండి. ఉప్పుగాలిలో ఆ రెండు లోహాలూ నేరుగా ఆనితే అల్యూమినియం తినేసుకుపోతుంది. నట్టు నైలాక్‌దే (లోపల నైలాన్ రింగుండి, వణుకుకు వదులవనిది) వాడండి. ప్లేటును మరీ కిందికి దించకండి, టెయిల్ లైటు కింది గాజులోంచి వచ్చే తెల్లటి వెలుగు అంకెల మీద పడాలి.

అంతా బిగించాక బండి స్టార్ట్ చేసి, ఐడిలింగ్‌లో వదిలి వెనక నిలబడి చూడండి. అంకెలు చెదిరినట్టు కనిపిస్తే ప్లేటు కింది అంచు ఊగుతోందన్నమాట. నాకూ అలాగే కనిపించింది. పట్టీకి కింద ఇంకో చిన్న ఆసరా వెల్డ్ చేయించాక ఆగింది.