తిరుపతికి తిరుగు ప్రయాణం: చిన్నబిడ్డతో చెన్నైలో దిగడం మేలా, హైదరాబాదులోనా, బెంగళూరులోనా?

సెలవులకు లండన్‌కో న్యూజెర్సీకో బయలుదేరేటప్పుడు ఏ విమానం ఎక్కాలి, ఎక్కడ మారాలి అని నెలల ముందునుంచే లెక్కలు వేసేవారు, తిరుగు టికెట్ దగ్గరికి వచ్చేసరికి ఏది చవకైతే అది కొనేస్తారు. జాగ్రత్త పడవలసింది అక్కడే. వచ్చేటప్పటికి సామాను పెరిగి ఉంటుంది, ఓపిక తరిగి ఉంటుంది, ఒళ్లో ఏ క్షణాన ఏడుపు లంకించుకుంటుందో తెలియని రెండేళ్లలోపు బిడ్డ ఉంటుంది. తిరుపతి పక్కనే ఉన్న రేణిగుంట విమానాశ్రయానికి పేరుకు అంతర్జాతీయ హోదా ఉంది కానీ, లండన్ నుంచి గానీ అమెరికా నుంచి గానీ నేరుగా వచ్చి అక్కడ దిగే విమానం లేదు. చెన్నైలో దిగి రోడ్డెక్కాలి, లేదా హైదరాబాదులో దిగి మరో విమానం ఎక్కాలి, లేదా బెంగళూరు మీదుగా రావాలి.

వీటిలో ఏది మేలో తేల్చడానికి నేను గంటలు చూడను. నిద్రపోతున్న బిడ్డను దారిలో ఎన్నిసార్లు లేపవలసి వస్తుందో చూస్తాను. ఆ లెక్కన తిరుపతివాళ్లకు చెన్నైదే మొదటి స్థానం. పెద్దవాళ్లు మాత్రమే ప్రయాణిస్తుంటే నా జవాబు వేరుగా ఉండేదేమో.

కాగితం మీద చూస్తే హైదరాబాదే ముచ్చటగా కనిపిస్తుంది. శంషాబాద్ నుంచి రేణిగుంటకు గాలిలో ఉండేది గంట, గంటంపావు. "హైదరాబాదు దాకా వచ్చేశాక ఇంకెంతమ్మా, గంటేగా!" అని తాతయ్య ఫోనులో అనేస్తారు. ఆ గంటకు ముందూ వెనకా ఉన్నది ఆయనకు కనిపించదు. విదేశం నుంచి వచ్చినవారికి దేశంలో మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్. పెట్టెలు కూడా మామూలుగా అక్కడే తీసుకుని, దేశీయ విమానానికి మళ్లీ అప్పగించాలి. ఆపైన మరోసారి భద్రతా తనిఖీ. స్ట్రోలర్‌లో అప్పుడే కన్ను మూసిన బిడ్డను ఎత్తుకోవాలి, ఒంటి చేత్తో స్ట్రోలర్ మడవాలి, రెండో చేతిలో పాలసీసాల సంచి. ఈలోగా వెనకాల వరుసలోని వారి నిట్టూర్పులు. దీనికంతటికీ కనీసం మూడు గంటల వ్యవధి లేకపోతే పరుగులే. ఆ తర్వాత ఎక్కేది చాలాసార్లు పంకాల చిన్న విమానం. అందులో మళ్లీ ఒకసారి పైకి లేవడం, మళ్లీ దిగడం, మళ్లీ చెవుల నొప్పి. దిగేటప్పుడు పాలో నీళ్లో తాగిస్తూ ఉంటే మింగినకొద్దీ చెవుల్లో ఒత్తిడి తగ్గుతుంది. నిద్రలో ఉన్న బిడ్డ అంతగా మింగదు కాబట్టి అందుకోసమైనా లేపాల్సిందే.

టికెట్లు విడివిడిగా కొన్నవారికి ఇంకో దెబ్బ ఉంది. విదేశీ టికెట్ మీద మనిషికి ఒకటి రెండు పెద్ద పెట్టెలు అనుమతిస్తారు. దేశీయ టికెట్ మీద సాధారణంగా 15 కిలోలే. తేడాకు కిలోల లెక్కన కట్టాలి. పైగా మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరికీ పూచీ ఉండదు. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండి, పగటిపూట దిగుతుంటే మాత్రం హైదరాబాదు మరీ చెడ్డ దారేమీ కాదు. కారెక్కితే చాలు వాంతులు చేసుకునే పిల్లలకు ఇదే మంచిది కూడా. ఎక్కడ దిగినా సరే, సెలవుల మధ్యలో బిడ్డకు రెండేళ్లు నిండుతాయేమో ముందే చూసుకోండి. నిండితే తిరుగు ప్రయాణంలో ఒళ్లో కూర్చోబెట్టుకోనివ్వరు, విడిగా సీటు కొనాలి.

సికింద్రాబాద్ నుంచి తిరుపతికి 2023లో వందేభారత్ వచ్చింది కదా అంటారు. అంత దూరం ఎగిరి వచ్చిన బిడ్డకు మరో ఎనిమిది గంటలకు పైగా కుర్చీలో కూర్చునే ప్రయాణమా? వద్దు.

ఇక చెన్నై. మీనంబాక్కంలో దిగి ఇమ్మిగ్రేషన్, సామాను, కస్టమ్స్ ఒక్కసారే ముగించుకుని బయటికి వస్తే మిగిలేది ఒకే మార్పు, కారు. తిరుపతి సుమారు 140 కిలోమీటర్లు. రద్దీని బట్టి మూడున్నర నుంచి నాలుగు గంటలు. నగరం దాటేలోపు బిడ్డ నిద్రపోతే రేణిగుంట వచ్చేదాకా లేపే పనే లేదు. ఏడిస్తే ఆపుకోవచ్చు, బట్టలు మార్చుకోవచ్చు. పుత్తూరులో ఆగి వేడి ఇడ్లీని వేళ్లతో చిదిమి, పచ్చడి తగలకుండా పెడితే, విమానంలో ఇచ్చిన పళ్లెం చూసి మొహం తిప్పుకున్న బిడ్డే నోరు తెరుస్తుంది.

బండి మాత్రం తిరుపతి నుంచే మాట్లాడుకుని పిలిపించుకోండి. ఖాళీగా వచ్చిన దూరానికి కూడా డబ్బు పోతుంది, పోనివ్వండి. తెలిసిన డ్రైవరుకు దారులు తెలుసు. తిరువళ్లూరు, తిరుత్తణి, నగరి మీదుగా ఒకటి, ఊత్తుకోట, నాగలాపురం మీదుగా ఇంకొకటి. వేసవి సెలవులు గడిపి జూలై, ఆగస్టుల్లో తిరిగొచ్చేవారు తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి పండుగ ఆడికృత్తిక ఎప్పుడో క్యాలెండర్లో చూసుకోవాలి. ఆ రోజుల్లో తిరుత్తణి దారంతా కావళ్లు మోసే భక్తులే. నాగలాపురం దారి పట్టడమే నయం. బస్సు సంగతి తలపెట్టకండి. విమానాశ్రయం నగరానికి దక్షిణాన ఉంటే, ఆంధ్ర వైపు బస్సులు బయలుదేరే మాధవరం ఉత్తరాన ఉంది.

చెన్నై దారికి రెండు లోపాలున్నాయి. మొదటిది వాన. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. 2015 డిసెంబరు వరదల్లో ఆ విమానాశ్రయం కొన్ని రోజులు మూతపడింది, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు రన్‌వే మునిగింది. ఆ నెలల్లో తిరిగొచ్చేవారు హైదరాబాదు వైపు మొగ్గినా తప్పులేదు. రెండోది మనం చేతులారా తెచ్చుకునేది, బిడ్డను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం. లండన్‌లో బిడ్డను సీటులో కట్టి కూర్చోబెట్టిన తల్లిదండ్రులే ఇక్కడికి రాగానే "మన ఊరేగా" అని వదిలేస్తారు. 2019 సవరణ తర్వాత మన మోటారు వాహనాల చట్టం ప్రకారం కూడా పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టో పిల్లల సీటో తప్పనిసరి, లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా. అద్దె కార్లలో పిల్లల సీటు దొరకడం అరుదు కాబట్టి వెంట తెచ్చుకోవాలి. చాలా విమాన సంస్థలు దానికి విడిగా డబ్బు తీసుకోవు.

విమానం దిగే వేళ కూడా ముఖ్యమే. విదేశీ విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందు దిగుతాయి. రెండింటికి బయటపడి వెంటనే బయలుదేరితే డ్రైవరుకు కునుకు పట్టే వేళంతా రోడ్డు మీదే. అలాంటప్పుడు విమానాశ్రయం దగ్గర గది తీసుకుని, పొద్దున్నే బయలుదేరమంటాను. ఆ ఖర్చు దండగ కాదు. మన గడియారం లండన్ కంటే వేసవిలో నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర గంటలు ముందుంటుంది. న్యూజెర్సీ కంటే అయితే తొమ్మిదిన్నర, పదిన్నర. ఇలా తూర్పుకు రావడమే శరీరానికి ఎక్కువ కష్టం. పగటి వెలుగు కంటపడితే బిడ్డ నిద్ర త్వరగా దారికొస్తుంది. ఇంటికి చేరిన మర్నాడే కొండకు తీసుకెళ్లి పుట్టువెంట్రుకలు తీయిద్దామని అమ్మమ్మ పట్టుబడితే, కాస్త గట్టిగానే వారం గడువు అడగండి. మొక్కు ఎక్కడికీ పోదు.

బెంగళూరు తిరుపతివాళ్లకు దండగ. అక్కడి విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి నుంచి దాదాపు 250 కిలోమీటర్లు, ఐదు గంటలు. డిసెంబరు, జనవరి ఉదయాల్లో పొగమంచుకు విమానాలు ఆలస్యం కావడం అక్కడ మామూలే. పలమనేరు, మదనపల్లె, కుప్పం వాళ్లకు మాత్రం మరో మాట లేకుండా అదే దగ్గర. చిత్తూరువాళ్లది మధ్యస్థం. ఇటైనా అటైనా దూరంలో పెద్ద తేడా లేదు. కాంచీపురం, రాణిపేట మీదుగా చెన్నై దారి చదును. బెంగళూరు దారిలో పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగాలి. కారు ప్రయాణం పడని బిడ్డ అయితే ములబాగల్ దాటాక పాలు పట్టకండి, ఘాట్ దిగి బంగారుపాళ్యం చేరాక పట్టవచ్చు.