సగటు కట్టడానికి ప్రత్యక్ష పద్ధతా, సోపాన విచలన పద్ధతా?

పదో తరగతి సాంఖ్యక శాస్త్రంలో పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒక లెక్క చూద్దాం: తరగతులు (అంటే విలువల గుంపులు) 100-120 నుంచి 180-200 దాకా, పౌనఃపున్యాలు (ఒక్కో గుంపులో ఎన్ని విలువలున్నాయో ఆ సంఖ్యలు) 4, 7, 10, 6, 3.

ప్రత్యక్ష పద్ధతిలో ఒక్కో తరగతి మధ్య విలువను దాని పౌనఃపున్యంతో 110×4, 130×7... ఇలా గుణిస్తూ కలుపుతూ పోతే మొత్తం 4440. దాన్ని పౌనఃపున్యాల మొత్తం 30తో భాగిస్తే 148. ఆలోచించే పనే లేదు, కానీ గుణకారాల్లో ఒక్క అంకె జారిందా, అంతా పోయినట్టే.

సోపాన విచలనంలో 150ని ఊహించిన సగటుగా పెట్టుకుని, మధ్య విలువల్లోంచి దాన్ని తీసేసి తరగతి పొడవు 20తో భాగిస్తే విచలనాలు -2, -1, 0, 1, 2. వీటిని పౌనఃపున్యాలతో గుణిస్తే లబ్ధాల మొత్తం -3 మాత్రమే! 150 + (-3/30)×20 = 148. నోటితోనే అయిపోతుంది. చివర్లో 20తో గుణించడం మరిచి 149.9 అని రాసేవాళ్లే ఎక్కువ (నేనూ రాశాను).

అంకెలు చిన్నవైతే మొదటిదే మేలు. తరగతుల పొడవు సమానంగా ఉండి అంకెలు పెద్దవైతే నా ఓటు రెండోదానికే.